అప్‌డేట్: పీడీపీ-11/23 ఇప్పుడు కీబోర్డు మాట వింటోంది

పోయిన వారం అడిగాను కదా, నా పాత మినీకంప్యూటర్ పీడీపీ-11/23 ఆన్ చేస్తే, దానికి తగిలించిన వీటీ220 టెర్మినల్ (తెర, కీబోర్డు ఉన్న పెట్టె) మీద ‘ఆదేశం ఇవ్వు’ అనే @ గుర్తు వస్తోంది, కానీ ఏం టైప్ చేసినా ఉలుకూ పలుకూ లేదని. దొరికింది. తప్పు నాదే, కేబుల్‌లో.

ముందు అనుమానం టెర్మినల్ మీదకే పోయింది. దాని వెనక 25 పిన్నుల కనెక్టర్‌లో డేటా పంపే 2, తీసుకునే 3 పిన్నులు కలిపి చూస్తే కొట్టిన అక్షరం తిరిగి వచ్చింది. అంటే అది బాగానే ఉంది. స్పీడ్ రెండువైపులా సెకనుకు 9600 బిట్లు, అక్షరానికి 8 బిట్లు, పారిటీ (తప్పులు పట్టే అదనపు బిట్) లేదు. @ శుభ్రంగా వస్తోందంటే అక్కడా తేడా లేదు.

అసలు సంగతి కంప్యూటర్‌లో టెర్మినల్ కేబుల్ తగిలించే డీఎల్‌వీ11-జే బోర్డు దగ్గర ఉంది. దాని 10 పిన్నుల హెడర్‌లో డేటా తీసుకునేది 8వ పిన్. దానికి జోడీ 7. ఆర్‌ఎస్-232 (ఇలాంటి టెర్మినళ్లు కలిపే సీరియల్ పద్ధతి) వాడేటప్పుడు ఈ 7ని గ్రౌండ్‌కి కలపాలి. నేను కేబుల్ చేసేటప్పుడు దాన్ని గాల్లో వదిలేశాను! పంపడానికి దాంతో పని లేదు కాబట్టి @ మాత్రం వచ్చేది.

7 నుంచి పక్కనే ఉన్న గ్రౌండ్ పిన్ 9కి చిన్న వైరు ముక్క టంకం పెట్టాను. 1000/ (మెమరీలో 1000 అడ్రసులో ఏముందో చూపించమని) కొట్టాను, ఆరు అంకెలు వచ్చాయి. 123 రాసి రిటర్న్ నొక్కి, మళ్లీ 1000/ అడిగితే 000123! అర్ధరాత్రి ఒక్కడినే చప్పట్లు కొట్టుకున్నాను.

ఇక డిస్క్ సంగతి చూడాలి.