పాత వీధి ఫోటోల్లో జనాన్ని నిలబెట్టి తీశారా?

గళ్లచొక్కా: జాన్ థామ్సన్ 1877 ప్రాంతంలో లండన్ వీధుల్లో తీసిన ఫోటోలు చూస్తున్నాను. పూలమ్మే ఆడవాళ్లు, బండి తోలేవాళ్లు, అందరూ బొమ్మల్లా ఉన్నారు. ఇదేం వీధి ఫోటోగ్రఫీ?

రీలు బాబాయి: నిలబెట్టినవేనయ్యా. అప్పట్లో గాజు పలకకి మందు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి కడిగేయాలి. ఆ సరంజామా వీధిలో దింపితే జనం మూగరూ? అంతకుముందు 1838లో, ఫోటోగ్రఫీ తొలి రోజుల్లో, డాగేర్ అనే ఆయన పారిస్‌లో తీసిన ఫోటో చూడు. రద్దీ వీధే, కానీ ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వెలుగు పడనిచ్చే సమయం, నిమిషాల తరబడి. కదిలేవి పడవు. బళ్లన్నీ మాయం. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకేచోట నిలబడ్డ మనిషి మాత్రం పడ్డాడు.

తెనాలి క్లిక్: మా బస్టాండు సెంటర్లో వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి, అలాగే ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చి ట్రై చేశా. ఆటోలు, జనం అంతా ఆవిరి. మిగిలింది ఒక ఆవు, సోడా బండి దగ్గర ఫోన్ మాట్లాడుతున్నాయన. ఆయనకీ తల లేదు, ఊపుతూనే ఉన్నాడు 😄

నల్లతెర: నిలబెట్టి తీస్తే అబద్ధమైపోదండీ. థామ్సన్ ఫోటోల్లో మెట్ల మీద పసిబిడ్డతో కూలబడ్డావిడ ఉంది కదా, ఆ బిడ్డ ఆవిడది కాదు. తల్లి కాఫీ షాపులో పనికెళ్తే ఈవిడ చూసుకుంటుంది. అందుకు దక్కేది టీ, కాస్త రొట్టె. ఇది ఫోటోలో కనపడదు, ఫోటో పక్కన అడాల్ఫ్ స్మిత్ అనే రచయిత రాసినదాంట్లో ఉంది. ఆగి మాట్లాడారు కాబట్టి తెలిసింది. టక్కున నొక్కి పోయే మనకి తెలుస్తుందా?

గళ్లచొక్కా: మరి చాటుగా తీయడం ఎప్పుడు మొదలైంది?

రీలు బాబాయి: డ్రై ప్లేట్లు, అంటే ముందే మందు పూసి ఆరబెట్టిన పలకలు, వచ్చాక ఊపందుకుంది. 1890ల్లో పాల్ మార్టిన్ అనే ఆయన పెట్టె కెమెరాని పొట్లంలా చంకన పెట్టుకుని లండన్ అంతా తిరిగాడు. యార్మత్ బీచ్‌లో జంటల్ని కూడా వదల్లేదు.

నల్లతెర: పాపం, ఆ జంటల్ని ఎవరడిగారు?

రీలు బాబాయి: అమ్మా, నాదీ అదే బాపతు. పాత యాషికా కెమెరా, పొట్ట దగ్గర పెట్టుకుని పైనుంచి తొంగిచూడాలి. మొజంజాహీ మార్కెట్‌లో తల వంచుకుని నిలబడితే ఏదో రిపేరు చేసుకుంటున్నాడనుకుంటారు. చిక్కల్లా, తొంగిచూస్తే కనపడే బొమ్మలో కుడిఎడమలు తారుమారు. మనిషి కుడికి పోతే చెయ్యి ఎడమకి తిప్పేస్తుంది.

నల్లతెర: వాళ్లకి ప్రింటు ఇస్తారా?

రీలు బాబాయి: ఇస్తాను. పళ్ల కొట్టాయన గల్లాపెట్టె మీద అంటించుకున్నాడు. "ఎవర్నడిగి తీశావ్?" అని గదమాయించినవాళ్లూ ఉన్నారు.