కింద తాత ఇంటి టేకు నేల ఉంది, మిద్దె మీద ఏం వేయాలి?

కొర్లగుంట ఇల్లు

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. 2009లో ఈ ఇల్లు కట్టేటప్పుడే చిత్తూరులో మా తాత మిద్దె ఇల్లు విప్పేశారు. ఆ దూలాలు సామిల్లులో కోయించి కింద హాల్లోనూ మెట్ల మీదా టేకు పలకలు వేయించాడు మా నాయన. పలక 20 మిల్లీమీటర్ల మందం, నాలుగు అంగుళాల వెడల్పు. ఇన్నేళ్లకీ ఒక్కటి కూడా లేవలేదు, మొదట్లో తేనె రంగులో ఉన్నవి ఇప్పుడు ఇంకా ముదిరి చాలా బాగున్నాయి. నాయన ఇప్పుడు లేడు, ఆ నేల మీద నడుస్తుంటే ఆయన గుర్తొస్తాడు.

2019 చివర్లో పైన రెండు గదులు, వాటి ముందు ఒక నడవ వేశాం. తర్వాత కరోనా వచ్చి పని ఆగిపోయింది, ఇప్పటికీ సిమెంట్ నేలతోనే ఉన్నాయి. ఒక్కో గది 155 చదరపు అడుగులు, నడవ 70. రెండు గదులకీ అటాచ్డ్ బాత్రూములు ఉన్నాయి, పడమర గదికి బాల్కనీ కూడా ఉంది. షాపులో టేకు రంగు లామినేట్ (పైన చెక్క బొమ్మ అచ్చు వేసిన బోర్డు పలకలు) వేయమంటున్నారు, మేస్త్రీ చెక్క డిజైన్ టైల్స్ అంటాడు, మా అమ్మేమో తెల్ల టైల్స్ వేసేయమంటుంది. నాకైతే మెట్లెక్కి పైకి రాగానే వేరే ఇంట్లోకి వచ్చినట్టు ఉండకూడదని ఉంది. అచ్చంగా కింది రంగే దొరుకుతుందా, దొరక్కపోతే ఏం చేయాలి? పెరట్లో రేకుల కింద ఆ దూలాలు ఇంకో మూడు మిగిలున్నాయి కానీ పై అంతస్తు మొత్తానికి అవి చాలవు.

గ్రీమ్స్‌పేట

తమ్ముడూ, నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదని రాస్తున్నా. మాకూ కింద పాత టేకు నేలే. 2022లో పైన దానికి మ్యాచింగ్ అని లామినేట్ వేయించాం. షాపులో అరచేయంత ముక్క చూపించారు, అక్కడ తెల్ల లైట్ల కింద చూస్తే అచ్చం మా టేకులాగే ఉంది. ఇంట్లో పరిచాక పొద్దున ఎండలో ఎర్రగా కనిపిస్తుంది, రాత్రి బూడిద రంగు కొడుతుంది. పక్కన నిజమైన చెక్క లేకపోతే ఎవరికీ తెలిసేది కాదేమో, కానీ మెట్ల చివర రెండూ పక్కపక్కనే ఉంటాయి కదా, కన్ను నేరుగా అక్కడికే పోతుంది. నిజం చెక్క ఏడాదికేడాది రంగు మారుతుంది, అచ్చు వేసిన చెక్క మారదు. ఇవాళ కుదిరినా ఐదేళ్లకు కుదరదు.

ఇంకో సంగతి, మనం నేల తుడిచే పద్ధతి. మా ఇంట్లో పనమ్మాయి గుడ్డ సరిగ్గా పిండకుండా తుడిచేది, బాత్రూమ్ గడప దగ్గర ఏడాదిలోపే అంచులు ఉబ్బి పైకి లేచాయి. లామినేట్ లోపల ఉండేది చెక్కపొడిని నొక్కి చేసిన బోర్డు, నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే మళ్లీ సర్దుకోదు. షాపువాళ్లను అడిగితే నీళ్లకు గ్యారంటీ లేదన్నారు. బాత్రూమ్ ఉన్న గదిలో మాత్రం వద్దు.

పాలిష్ పని, 22 ఏళ్లు

అన్నా, ఆ మూడు దూలాలు ఎంతెంత కొలతలో చెప్పండి. అసలు విషయం అక్కడే ఉంది.

కొర్లగుంట ఇల్లు

పదేసి అడుగుల పొడుగు అన్నా, ఎనిమిది అంగుళాలు బై ఆరు.

పాలిష్ పని, 22 ఏళ్లు

అట్లయితే ఒక్కోటి 3.3 ఘనపుటడుగులు, మూడూ కలిపి 10. రంపం కోతకీ చిత్రికకీ మూడో వంతుకు పైగా పోయినా, 20 మిల్లీమీటర్ల పలకలు దాదాపు 95 చదరపు అడుగులకు వస్తాయి. మీ నడవ 70. అంటే మీ తాతగారి దూలాలతోనే నడవ అయిపోతుంది, పైగా గదుల గడపలకు కూడా నాలుగు ముక్కలు మిగులుతాయి. కింద నుంచి మెట్ల మీదుగా వచ్చిన చెక్క నడవ దాకా సాగి గది తలుపు దగ్గర ఆగుతుంది. తలుపు లోపల ఏం వేసినా అది వేరే గది అని కన్ను ఒప్పుకుంటుంది. గదుల్లో టేకును కాపీ కొట్టే పని మాత్రం పెట్టుకోవద్దు.

కోయించే ముందు మేకులన్నీ తీయించండి. పాత దూలాల్లో తల విరిగిన మేకులు లోపలే ఉండిపోతాయి, రంపం బ్లేడు తెగితే సామిల్లువాళ్లు డబ్బులు మీ దగ్గరే అడుగుతారు. చెదలు ఉన్నాయేమో ఉలితో నాలుగు చోట్ల పొడిచి చూడండి. కోశాక పలకల మధ్య సన్న కర్రముక్కలు పెట్టి, గాలి ఆడేట్టు ఆ నడవలోనే రెండు మూడు వారాలు పేర్చి ఉంచండి.

పరిచే కాలం కూడా చూసుకోండి. మే నెలలో చెక్క బాగా ఎండి ముడుచుకుని ఉంటుంది, అప్పుడు సందు లేకుండా కొడితే నవంబరు వానలకు ఉబ్బి మధ్యలో పైకి లేస్తుంది. వానల్లో పరిస్తే ఎండాకాలం పలకల మధ్య గీతలు పడతాయి. రెండిటికీ మధ్య కాలం చూసుకుని, గోడ చుట్టూ 10 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి, అది స్కర్టింగ్ కింద కనపడదు. కొత్తగా కోసిన ముఖం కింది నేల కన్నా లేతగా ఉంటుంది, చూసి కంగారు పడి రంగు స్టెయిన్ కొట్టించొద్దు. వెలుతురుకు కొన్ని నెలల్లో అదే ముదురుతుంది, అప్పుడు స్టెయిన్ వేసిన పలకలు మరీ నల్లగా కనిపిస్తాయి.

భవానీ నగర్

మేం ఎస్‌పీసీ (స్టోన్ ప్లాస్టిక్) పలకలు వేసుకున్నాం, రెండేళ్లయింది, బాగుంది. రాతిపొడి, పీవీసీ కలిపి చేస్తారు కాబట్టి నీళ్లకు ఉబ్బదు, పని రెండు రోజుల్లో అయిపోయింది. అయితే పడమర కిటికీ ఉన్న గదిలో కర్టెన్ తప్పనిసరి. నేరుగా ఎండ పడేచోట వేడెక్కి జాయింట్ దగ్గర కొంచెం లేచింది.

బైపాస్ రోడ్ సివిల్

రెండు విషయాలు అడుగుతా. 2021 నవంబరు వానలప్పుడు బాల్కనీ తలుపు కింద నుంచి గదిలోకి నీళ్లొచ్చాయా? వచ్చుంటే ఆ గదిలో చెక్క, లామినేట్ ఆలోచన మానేయండి, టైల్సే వేయండి. ముందు బాల్కనీ వాటం సరిచేయించండి.

రెండోది, టేపు తీసుకుని మెట్ల ఎత్తులు ఒక్కొక్కటీ కొలవండి. మెట్ల మీద 20 మిల్లీమీటర్ల పలకలు వేసి పైన సిమెంట్ నేల అలాగే వదిలేశారు కాబట్టి చివరి మెట్టు మిగతా వాటికన్నా తక్కువ ఉండాలి. పెద్దవాళ్లు తట్టుకుని పడేది అక్కడే. పైన వేసేది ఏదైనా ఆ తేడాను సరిగ్గా నింపాలి, ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. నడవలో చెక్క పట్టీలు కొట్టి వాటి మీద పలకలు పరిస్తే ఎత్తు 40, 45 మిల్లీమీటర్లు అయిపోతుంది, అప్పుడు చివరి మెట్టు ఎక్కువైపోతుంది. అందుకని నేల లెవెల్ చూసి పలకలు నేరుగా గమ్ముతో అతికించండి. దానికి ముందు రెండడుగుల ప్లాస్టిక్ షీటు నేల మీద పరిచి నాలుగు వైపులా టేపు వేసి ఒక రోజు ఉంచండి. అడుగున చెమ్మ కనిపిస్తే అది ఎక్కణ్ణుంచి వస్తుందో తేలేదాకా చెక్క జోలికి పోవద్దు.

గదుల్లో టైల్స్ వేసేటట్టయితే ఇసుక సిమెంట్ మందంగా పోయించకండి. రెండంగుళాల పరుపు అంటే చదరపు మీటరుకు 100 కిలోల బరువు స్లాబు మీద అదనంగా పడుతుంది. అడ్హెసివ్‌తో అయితే టైలు 9, గమ్ము 4 లేక 5, మొత్తం 14 మిల్లీమీటర్లు, ఆ 20లో మిగిలిన 6 లెవెలింగ్‌కు పోతుంది. నడవా గదీ సమంగా వస్తాయి. రంగు విషయంలో గ్రీమ్స్‌పేట అక్క చెప్పింది నిజం. టేకులో పసుపు ఛాయ ఉంటుంది, దాని పక్కన నీలం కొట్టే బూడిద రంగు బాగోదు, పాలలాంటి తెలుపు మరీ ఆసుపత్రిలా ఉంటుంది. ఇసుక రంగు, గంధం రంగు మ్యాట్ టైల్స్ చూడండి. చెక్క డిజైన్ మాత్రం వద్దు. రెండు టైల్స్ అప్పు తెచ్చి మెట్ల చివర పెట్టి పొద్దునా మధ్యాహ్నం, రాత్రి లైట్లేసి కూడా చూడండి. 6500 కెల్విన్ తెల్ల బల్బులు ఉంటే 3000 వెచ్చని బల్బులు పెట్టి ఇంకోసారి చూడండి, టేకు రంగు మొత్తం మారిపోతుంది.

కొర్లగుంట ఇల్లు

అన్నా, మీరు చెప్పినట్టే మెట్లు కొలిచాను. అన్నీ 170 మిల్లీమీటర్లు, చివరిది 150. మా అమ్మ అక్కడ రెండుసార్లు తూలింది, మేం కళ్లజోడు మార్చాలనుకున్నాం. ఆ 20 మిల్లీమీటర్లు మా నాయన పైన కూడా పలకలు వేస్తారని లెక్కేసి వదిలినవేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

2021లో నీళ్లు వచ్చాయి, పడమర గదిలో మంచం కాళ్ల దాకా. అందుకని గదులకు టైల్సే ఖాయం చేశాం. నిన్న నాలుగు రకాలు తెచ్చి పెట్టి చూస్తే గంధం రంగు మ్యాట్ అందరికీ నచ్చింది, అమ్మ కూడా తెలుపు మాట మానేసింది. ప్లాస్టిక్ షీటు ఇవాళ పొద్దున పరిచాను. దూలాలను ఉలితో పొడిచి చూశాం, రెండు గట్టిగా ఉన్నాయి, మూడోదానికి ఒక చివర అడుగున్నర మేర చెదలు పట్టి గుల్లయింది. అది కోసేసినా నడవకు సరిపోతుందా పాలిష్ అన్నా?

పాలిష్ పని, 22 ఏళ్లు

అడుగున్నర పోతే ఐదు చదరపు అడుగులే తగ్గేది, నడవకు సరిపోతుంది. గుల్లయిన చోటు నుంచి ఇంకో అర అడుగు లోపలికి కోయించండి, మిగిలినదానికి చెదల మందు పూసి ఆరబెట్టండి. కోసిన రోజు ఫొటో పెట్టండి అన్నా, నార ఎటు పోతుందో చూసి ఏ పలక మెట్టు అంచుకు వాడాలో చెప్తా.