ఒగ్గు కథ, డ్రాగ్ ఒకే సాయంత్రం: హనుమకొండలో ఎలా చేయాలి?

కాజీపేట_పిల్ల:
మాది కాజీపేట, ఉద్యోగం హైదరాబాద్‌లో. అక్కడి క్లబ్బుల్లో డ్రాగ్ షోలు, అంటే మగవాళ్లు ఆడవేషం, ఆడవాళ్లు మగవేషం కట్టి ఆడే షోలు, చూస్తుంటాను. పొడవాటి విగ్గు, మెరిసే కళ్లు, పాటకు పెదవులు కదుపుతూ జనం మధ్యకు నడిచొచ్చే ఆ ధైర్యం నాకు ప్రాణం. ఒగ్గు డోళ్లు మోగినా నా ఒళ్లు అలాగే పులకరిస్తుంది. ముందు కిన్నెర, ఒగ్గు కథ, కోయవాళ్లు డోలు కొడుతూ పాడే డోలి పాట, తర్వాత డ్రాగ్, ఇలా ఒక సాయంత్రం పెట్టాలని ఉంది. నేను క్వీర్ అమ్మాయిని, అంటే ఆడ-మగ, ప్రేమ మీద లోకం గీసిన గీతల్లో ఇమడనిదాన్ని. మాలాంటి వాళ్లు సొంతూళ్లోనే దర్జాగా కూర్చుని పాట వినాలి. ఒకటే టెన్షన్: జానపద కళాకారులు దీన్ని అవమానం అనుకుంటారా?

డోలు_ఇంటోడు:
చెల్లె, మాది జనగామ వైపు, ఒగ్గు పూజారుల ఇల్లు. ఆడవేషం మాకు అవమానం కాదు. మల్లన్న కథలో ఆయన భార్యలు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ వచ్చినప్పుడు మగవాళ్లే కొంగు నెత్తిన వేసుకుని, గొంతూ నడకా మార్చి ఆడతారు. మా పెద్దనాన్న మేడలమ్మగా ఏడిస్తే ముందు కూర్చున్న ముసలమ్మలు కూడా కళ్లు తుడుచుకుంటారు.

పట్నం, అంటే దేవుడి ముందు రంగు పొడులతో వేసే ముగ్గు, వేయమని మాత్రం అడగకు. అది పూజ, టికెట్ కొన్నవాళ్ల కోసం వేసేది కాదు. కథ రాత్రంతా నడిచేది కాబట్టి ఒక్క ఘట్టం అడిగి గంట టైమివ్వు. హాల్లో డోళ్లకు మైకు పెట్టొద్దు, మాట వినపడదు. కథకుడికి, వంత పాడేవాళ్లకు పెడితే చాలు. డోళ్ల వెంటనే కిన్నెర అసలే వద్దు, ఆ సన్నటి తీగ చెవికి ఆనదు.

రాజన్న_బిడ్డ:
తమ్మీ, నువ్వు చెప్పింది నిజమే, కానీ సగమే. వేషం విప్పి ఇంటికి పోయేవాళ్లు వేరు, చీరే బతుకైన మేము వేరు. నేను ట్రాన్స్ మహిళను. శ్రీరామనవమికి వేములవాడలో రాజన్నను పెళ్లాడే, శివపార్వతులు అని పిలిచే భక్తుల్లో నేనూ ఉంటాను. ఆ రోజు మాకు దండం పెట్టినవాళ్లే ఇల్లు అద్దెకు అడిగితే లేదంటారు.

నిజాం కాలంలో, 1329 ఫసలీలో (అంటే 1919 ప్రాంతంలో), ఒక చట్టం వచ్చింది. సర్కారు రాసుకున్న రిజిస్టర్‌లో పేరున్న హిజ్రా ఆడబట్టలతో వీధిలో కనపడినా, పాడినా, ఆడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు. స్వలింగ సంబంధాలు నేరమన్న 377 సెక్షన్ మీద, అది నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది 2018లో. నిజాం కాలంనాటి ఈ చట్టాన్ని మాత్రం తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో. మన గడ్డ మీద మా పాటే నేరమని రాసిపెట్టిన కాగితం మొన్నటిదాకా ఉందన్నమాట.

అందుకే చెల్లె, ముందు జానపదం, తర్వాత క్వీర్ అని రెండు ముక్కలు చేయకు. మాలో డప్పు కొట్టేవాళ్లు, ఎల్లమ్మ పాటలు పాడేవాళ్లు ఉన్నారు, వాళ్లను ఆ పాటలకే పిలువు. పూనకం మాత్రం వేదిక మీద అడగొద్దు. హైదరాబాద్ ఆర్టిస్టుకు హోటల్ గది, పల్లె కళాకారుడికి బస్సు చార్జీ అనే తేడా చూపిస్తే మాత్రం నేను రాను. అడగకుండా ఎవరి ఫోటో తీయనివ్వకు. ఇంట్లో చెప్పుకోని పిల్లలు వస్తారు.

సౌండ్‌బాక్స్:
బయట పెడితే రాత్రి 10కి స్పీకర్లు బంద్ చేయాలి, మూసిన హాలు చూసుకోండి. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది, ముందు అక్కడ అడగండి. డ్రాగ్ పాటలు పెన్‌డ్రైవ్‌లో ముందే ఇస్తే డోళ్లు రాకముందే లెవెల్ సరిచూస్తాను.

కాజీపేట_పిల్ల:
అక్కా, వరుస మార్చాను. మొదట కిన్నెర, తర్వాత మీవాళ్ల ఎల్లమ్మ పాటలు, మధ్యలో డ్రాగ్, ఆ తర్వాత కోయ డోలి, చివర ఒగ్గు కథ. అందరికీ ఒకటే రేటు, ఒకటే బస. ఫోటోల మాట టికెట్ మీదే రాయిస్తాను. డోలు అన్నా, మీ పెద్దనాన్నగారు మేడలమ్మ ఘట్టం చెప్తారేమో అడుగుతారా? తేదీ ఆయనకు వీలైనప్పుడే పెట్టుకుందాం.