అప్‌డేట్: లోపం పంపులో కాదు, అక్యుములేటర్‌లోని నైట్రోజన్‌లో

చీమకుర్తిలోని మా గ్రానైట్ ఫ్యాక్టరీలో, కోత యంత్రపు బ్లేడ్ల బిగువును నిలిపే హైడ్రాలిక్ పంపు నిమిషానికోసారి ఆగి మళ్లీ మొదలవుతోందనీ, దానిని మార్చాలా అనీ గత నెల అడిగాను. ముందు అక్యుములేటర్‌లో (నూనె ఒత్తిడిని నిల్వచేసే, లోపల నైట్రోజన్ నింపిన రబ్బరు సంచి ఉండే తొట్టిలో) నైట్రోజన్ చూడమన్న సలహాయే సరైనదని తేలింది.

యంత్రం ఆపి, అక్యుములేటర్‌లోని నూనెనంతా ట్యాంకులోకి వదిలి, నూనె ఒత్తిడి సున్నాకు వచ్చాకే నైట్రోజన్ ఒత్తిడి కొలిచే గేజీ పెట్టాము. నూనె లోపల ఉండగా కొలిస్తే గేజీ నూనె ఒత్తిడినే చూపుతుంది కాబట్టి ఆ క్రమం తప్పకూడదు. మా యంత్రం పనిచేసే కనిష్ఠ నూనె ఒత్తిడి 100 బార్లు (బార్ ఒత్తిడికి కొలమానం) గనుక, అందులో 90 శాతం చొప్పున 90 బార్లు ఉండవలసిన నైట్రోజన్ 20 బార్లే ఉంది.

నూనె దాదాపుగా నొక్కుకుపోదు, వాయువు నొక్కుకుపోతుంది. పంపు పంపిన నూనె రబ్బరు సంచిలోని నైట్రోజన్‌ను నొక్కితే అది శక్తిని దాచుకుంటుంది. వాల్వుల దగ్గర కొద్దిగా నూనె కారినప్పుడు ఆ వాయువే వ్యాకోచించి, పంపు అవసరం లేకుండా ఒత్తిడిని నిలుపుతుంది. వాయువు తగ్గిపోయిన మా సంచిలో ఆ నిల్వ బాగా తగ్గిపోయింది, అందుకే పంపు పదేపదే మొదలయ్యేది.

సంచిలోకి నైట్రోజన్ నింపే గ్యాస్ వాల్వు నుండి నూనె రాలేదు కాబట్టి సంచి చిరగలేదని భావించి, వాల్వు సీలు మార్చి పొడి నైట్రోజన్ నింపించాము. ఆక్సిజన్ మాత్రం ఎవరూ నింపవద్దు, నూనెతో కలిస్తే పేలుతుంది. ఇప్పుడు పంపు మునుపటికంటే చాలా అరుదుగా మొదలవుతోంది.