బ్యూనస్ ఎయిర్స్‌లో థియేటర్‌ని పుస్తకాల షాపు చేశారట, ఒక్క పూట ఖాళీ ఉంది, వెళ్లొచ్చా?

కాచిగూడ_లోకల్:

అందరికీ నమస్తే. ఆఫీసు పని మీద జూలైలో అర్జెంటీనా వెళ్తున్నాను, బ్యూనస్ ఎయిర్స్‌లో ఐదు రోజులు. నాలుగు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీటింగులే. మిగిలింది ఆదివారం ఒక్కటి, ఆ రాత్రికే రిటర్న్ ఫ్లైట్.

మా చెల్లెలు వాట్సాప్‌లో ఒక వీడియో పంపింది. పాత థియేటర్‌ని కూలగొట్టకుండా పుస్తకాల షాపు చేశారట, పేరు ఎల్ అతెనేయో గ్రాండ్ స్ప్లెండిడ్. అంతస్తుల మీద అంతస్తులుగా బాల్కనీలు, పైన బొమ్మలేసిన గుండ్రటి కప్పు, స్టేజి మీద ఎర్ర తెర, సీట్లు ఉండాల్సిన చోటంతా పుస్తకాలు. "వెళ్లకపోతే నీతో మాట్లాడను అన్నయ్యా" అని కింద మెసేజ్. నాతో వచ్చే కొలీగేమో షాపు చూడ్డానికి భూగోళం అవతలికి రావాలా, నాతో ఫుట్‌బాల్ స్టేడియం చూద్దువు రా అంటున్నాడు.

నాకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. చదవలేని పుస్తకాల మధ్య తిరిగి ఏం చేయాలి? సెల్ఫీ దిగేవాళ్ల తోపులాటలో పది నిమిషాలు నిలబడి వచ్చేసే చోటైతే వద్దులే అనుకుంటున్నా. కానీ చిన్నప్పుడు చిక్కడపల్లిలో మేనత్త వాళ్లింట్లో ఉండి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ థియేటర్లన్నీ తిరిగినవాణ్ని, థియేటర్ అనే మాట వింటే మనసు అటే లాగుతోంది. వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎంతసేపు పడుతుంది, టికెట్ ఉందా, ఇంకేమైనా జాగ్రత్తలు.

రెండో_ఆట:

వెళ్లండి, రెండో ఆలోచన వద్దు. నేను ఫార్మా కంపెనీ ఉద్యోగంలో అక్కడ రెండేళ్లున్నాను, నెలకి ఒకసారైనా వెళ్లేవాణ్ని. నాక్కూడా మొదట్లో స్పానిష్ రాదు.

టికెట్ లేదు. పోర్చుగల్‌లో లెల్లో అని ఇంకో అందమైన పుస్తకాల షాపుంది, అక్కడ లోపలికి వెళ్లాలంటేనే డబ్బు కట్టాలి, పుస్తకం కొంటే అందులో తగ్గిస్తారు. ఇక్కడ అదేం లేదు, తలుపు తోసుకుని వెళ్లడమే. అవెనీదా సాంతా ఫే అనే పెద్ద రోడ్డు మీద 1860 నంబరు. బయట నుంచి చూస్తే మన ఆబిడ్స్ రోడ్డు మీద ఒక పాత బిల్డింగ్‌లా ఉంటుంది, ముందు రెండుసార్లు దాటి వెళ్లిపోయాను. లోపల నాలుగు అడుగులు వేశాక ఒక్కసారిగా కప్పు పైకి లేస్తుంది. అప్పుడు ఆగిపోతాం.

కొంచెం కథ తెలిసి వెళ్తే బాగుంటుంది. 1919లో మాక్స్ గ్లక్స్‌మన్ అనే ఆయన కట్టించాడు, ఆస్ట్రియా సామ్రాజ్యం నుంచి వలస వచ్చి సినిమాలు, గ్రామఫోన్ రికార్డుల వ్యాపారంలో పెద్దవాడైన మనిషి. వెయ్యిమంది పైచిలుకు కూర్చునే హాలు. కప్పు మీద బొమ్మ వేసింది నజరేనో ఓర్లాందీ అనే ఇటాలియన్ చిత్రకారుడు. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది కదా, అందుకని విషయం శాంతి. మెడ నొప్పి పుట్టేదాకా చూస్తారు, చూడండి కూడా. కార్లోస్ గార్దెల్ అని టాంగో పాటల్లో వాళ్లకి ఘంటసాల లాంటివాడు, ఆయన ఈ స్టేజి మీద పాడాడు. 1920ల్లో ఇదే బిల్డింగ్‌లో రేడియో స్టేషన్ నడిచింది, ఇక్కడే ఓడియన్ కంపెనీ రికార్డింగులు జరిగేవి. అవునండీ, ఓడియన్. మన క్రాస్ రోడ్స్ ఓడియన్ థియేటర్‌కి దీనితో ఏ చుట్టరికమూ లేదు గానీ ఆ పేరు వినగానే నాకు సమోసా వాసన వచ్చింది.

తర్వాత దాన్ని సినిమా హాలు చేశారు. 1929లో అర్జెంటీనాలో మాటలొచ్చే సినిమాలు మొదట వేసింది ఇక్కడే. మన తెలుగు టాకీ వచ్చింది 1932లో, లెక్క వేసుకోండి. 2000 నాటికి కూల్చేస్తారనే పరిస్థితి, అప్పుడు ఎల్ అతెనేయో షాపులు నడిపే గ్రూపు లీజుకి తీసుకుని ఇలా మార్చింది.

నేల టికెట్ ఉండాల్సిన చోట నవలలు, బాల్కనీల్లో గోడ వెంబడి బీరువాలు, స్టేజి మీద కాఫీ. స్టేజి పక్కన బాక్సులుంటాయి చూశారా, మన దగ్గర పాత హాళ్లలో బాక్స్ టికెట్ అనేవాళ్లు, వాటిలో కుర్చీలేశారు. ఏ పుస్తకమైనా తీసుకుని అందులో కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. పిల్లల పుస్తకాలు కింద బేస్‌మెంట్‌లో, ఎస్కలేటర్ ఉంది. భాష రానివాళ్లకి అదే మంచి చోటు, బొమ్మలు చదవడానికి స్పానిష్ ఎందుకు?

రెండు గంటలు పెట్టుకోండి. సెల్ఫీల గోల మధ్యాహ్నం మూడు తర్వాత ఎక్కువ, అదీ కింది హాల్లోనే. పై అంతస్తు ఎక్కితే సగం మంది ఉండరు. మెట్లంటే అందరికీ బద్ధకమే.

సెకండ్‌హ్యాండ్_సుబ్బు:

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి నేను కొంచెం తిడతాను, ఏమనుకోకండి. బిల్డింగ్ అద్భుతం, ఒప్పుకుంటాను. పుస్తకాల షాపుగా మాత్రం అది ఒక గొలుసు షాపు. ఆ గ్రూపు మిగతా బ్రాంచీల్లో ఏం దొరుకుతాయో ఇక్కడా అవే, ఇంగ్లిష్ పుస్తకాలు కొద్దిగానే ఉంటాయి, ధరలు చూస్తే మన దగ్గర పుస్తకం ఎంత చవకో అర్థమవుతుంది. చాలామంది కప్పు ఫోటో తీసుకుని కాఫీ తాగి వెళ్లిపోతారు.

పుస్తకాల మనిషైతే అవెనీదా కొర్రియెంతెస్ వెళ్లు బ్రదర్. ఆ రోడ్డు పొడుగునా థియేటర్లు, వాటి మధ్యలో పాత పుస్తకాల షాపులు, కొన్ని రాత్రి పొద్దుపోయేదాకా తెరిచే ఉంటాయి. అంటే అక్కడ నాటకం వదిలాక జనం పుస్తకాలు తిరగేసుకుంటూ నడుస్తారు. మనం రెండో ఆట వదిలాక ఇరానీ చాయ్ కోసం వెతుక్కున్నట్టు. ఇంకా నీకున్నది ఆదివారం కాబట్టి పార్కే రివదావియా అనే పార్కుంది, అందులో పాత పుస్తకాల దుకాణాలు వరసగా. కోఠిలో సెకండ్ హ్యాండ్ షాపులు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, ఈ రెండూ కలిపి చెట్ల కింద పెట్టినట్టు ఉంటుంది. నాకైతే అక్కడ రెండు గంటలు రెండు నిమిషాలయ్యాయి.

రెండో_ఆట:

సుబ్బు గారు చెప్పింది అబద్ధం కాదు, గొలుసు షాపే. కానీ ఆ గొలుసు షాపు లేకపోతే మీరు తిట్టడానికి బిల్డింగే ఉండేది కాదు కదండీ.

సెకండ్‌హ్యాండ్_సుబ్బు:

అదీ నిజమే లెండి 😀

అమ్మమ్మ_చెప్పింది:

మీరంతా కప్పు దగ్గరే ఉన్నారు, నేను అసలు సంగతి చెప్తాను. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నారా? అర్జెంటీనా నుంచి గానీ, దారిలో బ్రెజిల్, ఇథియోపియా లాంటి చోట్ల ఆగి గానీ తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో ఆ సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. వేయించుకున్న పది రోజుల తర్వాతే చెల్లుతుంది కాబట్టి చివరి వారం దాకా ఆగితే టెన్షనే. నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది కదా, అక్కడ వేస్తారు, మీకు కాచిగూడ నుంచి దగ్గరే. ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని పాస్‌పోర్ట్ తీసుకుని వెళ్లండి బాబూ.

జూలై అంటే అక్కడ చలికాలం. మంచు పడదు గానీ మన డిసెంబర్ స్వెటర్ చాలదు, మందం కోటు పెట్టుకోండి. ఆదివారం షాపు పొద్దున్నే తెరవరు, బయల్దేరే ముందు టైమింగ్ చూసుకోండి.

మెట్రోని వాళ్లు సుబ్తే అంటారు. డి లైన్‌లో దిగాల్సిన స్టేషన్ పేరు స్పెల్లింగ్ ప్రకారం చదివితే కల్లావో, ఎవరికీ అర్థం కాలేదు. ఆ ఊళ్లో రెండు ఎల్‌లు వస్తే "ష" అని పలుకుతారట, అందుకని కషావో అనాలి. ఒక పెద్దావిడ నాతో మూడుసార్లు అనిపించి గానీ దారి చెప్పలేదు. అక్కడి నుంచి ఐదారు వీధులు నడక.

బాల్కనీ_ఎఫ్_వరస:

వెళ్లి రండి, మంచిదే. నా బాధ వేరు. ఈ వీడియో చూసిన ప్రతివాళ్లూ "మన హైదరాబాద్‌లో ఎందుకు చేయరు" అని నన్ను అడుగుతారు, నేను ఆర్కిటెక్ట్‌ని కాబట్టి. సికింద్రాబాద్ సంగీత్ పోయింది, బషీర్‌బాగ్ స్కైలైన్ పోయింది, ఓడియన్ పోయింది. ఇంగ్లిష్ సినిమా అంటే సంగీత్ అనే రోజుల్లో పెరిగినవాళ్లం, ఆ చోటు దాటుతుంటే ఇప్పటికీ తల తిప్పుకుంటాను.

కానీ కోపం పక్కన పెట్టి చూస్తే, గ్రాండ్ స్ప్లెండిడ్ నాటకాల కోసం, సంగీతం కోసం కట్టిన హాలు. గుర్రపు లాడం ఆకారంలో బాల్కనీలు ఒకదాని మీద ఒకటి, ప్రతి అంతస్తులో గోడ వెంట నడవడానికి దారి. గోడకి బీరువా పెట్టి, ఎదురుగా పిట్టగోడ దగ్గర మనిషి నిలబడితే చాలు, అది దానంతటదే లైబ్రరీ అయిపోతుంది. మన సింగిల్ స్క్రీన్లు చాలావరకు సినిమా కోసమే కట్టినవి. వాలుగా ఒకటే నేల, వెనక ఒకటే బాల్కనీ, శబ్దం కోసం మూసేసిన గోడలు. ఆ నేలని సమం చేస్తేనే గానీ ఒక్క బీరువా నిలబడదు. చేయలేమని కాదు, చేశాక అది ఆ థియేటర్‌లా ఉండదు. అందుకే గోడౌనో, ఫంక్షన్ హాలో అవుతాయి, ఎందుకంటే పెళ్లికి కావలసింది వాలు లేని నేల, పార్కింగ్, అంతే.

రెండోది స్థలం ధర. క్రాస్ రోడ్స్‌లో ఎకరం స్థలం మీద పుస్తకాలమ్మి ఏ యజమాని అయినా ఎన్నాళ్లు నిలబడతాడు? అక్కడ ఏడాదికి పది లక్షల మంది పైనే ఆ తలుపు దాటుతారంటారు, అందరూ కొనకపోయినా లెక్క సరిపోతుంది. మన దగ్గర పుస్తకం కోసం జనం రారని అనను. డిసెంబర్‌లో బుక్ ఫెయిర్‌కి వెళ్తే కాలు పెట్టే చోటుండదు. మిగతా పదకొండు నెలలు ఆ జనమంతా ఎక్కడికి పోతారో నాకు అర్థం కాదు. నవోదయ పుస్తకాల షాపులో నేను వెళ్లినప్పుడల్లా నాతో కలిపి ముగ్గురం.

1935 నాటి మొజంజాహి మార్కెట్‌ని బాగు చేసినప్పుడు లోపల ఐస్‌క్రీమ్ షాపుల్ని అక్కడే ఉండనిచ్చారు, అందుకే సాయంత్రం వెళ్తే కుర్చీ దొరకదు. అదే మ్యూజియం చేసి తాళం వేసుంటే నేనూ వెళ్లేవాణ్ని కాదు. వ్యాపారం నడిచే చోటే బిల్డింగ్ బతుకుతుందని నా నమ్మకం. సుబ్బు గారు "గొలుసు షాపు" అని తేలిగ్గా అనేశారు గానీ, ఆ గొలుసుకి ఇంకో పది బ్రాంచీల అమ్మకం ఉంది కాబట్టే ఈ ఒక్క బ్రాంచీ అద్దె మోయగలిగిందేమో అనిపిస్తుంది.

మీరు వెళ్తే నాకో పని చేసిపెట్టండి. బాల్కనీ పిట్టగోడ ఎత్తు ఎంతుందో నడుము దగ్గర చేయి పెట్టి చూడండి. ఫోటోల్లో తెలియట్లేదు.

కాచిగూడ_లోకల్:

అందరికీ థాంక్స్, పెద్దమ్మ గారు (అమ్మమ్మ_చెప్పింది) రాసిన మర్నాడే నారాయణగూడ వెళ్లి కనుక్కున్నాను. మిగతాది వెళ్లొచ్చాక రాస్తా.

కాచిగూడ_లోకల్ (మళ్లీ):

వచ్చేశాను. జెట్ ల్యాగ్‌తో రాస్తున్నా, తప్పులుంటే మన్నించండి, ఎనిమిదిన్నర గంటల తేడా ఇంకా ఒంట్లోంచి పోలేదు.

తెరిచే వేళకే వెళ్లాను. తలుపు బయట ఇంకో ఇరవై మంది, అందరి చేతుల్లో ఫోన్లు, సరే ఇదీ అంతే అనుకున్నా. లోపలికి వెళ్లగానే నేనూ ఫోనే తీశాను, అబద్ధమెందుకు. పావుగంట తర్వాత జేబులో పెట్టి, రెండో_ఆట గారు చెప్పినట్టు పైకి ఎక్కాను. పైన నలుగురైదుగురు. కింద హాల్లో జనం తలలు, పుస్తకాల మధ్య సన్నటి దారులు, దీపాలు బాల్కనీ అంచు పొడుగునా. ఒక ముసలాయన బాక్సులో కూర్చుని లావుపాటి పుస్తకం చదువుతున్నాడు, నేను గంటన్నర తర్వాత దిగేటప్పుడు కూడా అదే కుర్చీ, సగం పేజీలు అటు తిరిగాయి. కొన్నట్టు లేదు. ఎవరూ ఏమీ అనలేదు.

నాకు అన్నిటికంటే గుర్తుండిపోయింది స్టేజి. కాఫీ తీసుకుని ఎర్ర తెర పక్కన టేబుల్ దగ్గర కూర్చున్నాను. ఇన్నేళ్లుగా ఎన్ని హాళ్లకి వెళ్లినా తెర వైపు చూస్తూనే కూర్చున్నాం కదా, తెర దగ్గర కూర్చుని హాలు వైపు చూడటం అదే మొదటిసారి. మొత్తం హౌస్‌ఫుల్, కానీ ఒక్కరూ మనవైపు చూడట్లేదు, అందరూ తలలు వంచుకుని ఉన్నారు. నవ్వొచ్చింది. కాఫీ మాత్రం ధర ఎక్కువ, రుచి మామూలు.

మా చెల్లెలి కూతురికి బేస్‌మెంట్‌లో ఒక బొమ్మల పుస్తకం కొన్నాను. మధ్యాహ్నం పార్కే రివదావియాకీ వెళ్లాను, అది కూడా వదులుకోకూడని చోటే, బేరం ఆడబోతే షాపతను స్పానిష్‌లో ఏదో అని నవ్వాడు, అడిగినంత ఇచ్చేసి వచ్చాను. కొలీగ్ ఒక్కడే స్టేడియానికి పోయాడు, సాయంత్రం నా ఫోటోలు చూసి పది నిమిషాలు మాట్లాడలేదు.

బాల్కనీ_ఎఫ్_వరస గారూ, పిట్టగోడ నా నడుము కంటే కొంచెం కిందే, నేను ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. కిందికి వంగి చూస్తే కొంచెం భయమేసింది.

పెద్దమ్మ గారికి మాత్రం ప్రత్యేకంగా థాంక్స్. శంషాబాద్‌లో దిగగానే నన్ను మొదట అడిగింది ఆ టీకా సర్టిఫికెట్ పసుపు కార్డే.