నిమ్మకాయలు అమ్మిన డబ్బు ఖాతాలో ఆగిపోయింది: డిజిటల్ రూపాయి అయితే ఇలా జరగదా?

పొదలకూరు రైతు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పొదలకూరు దగ్గర నాకు నాలుగెకరాల నిమ్మతోట ఉంది. రెండు నెలల క్రితం కాయలు కొన్న వ్యాపారి 38,400 రూపాయలు యూపీఐలో పంపారు. ఇరవై రోజుల తరువాత ఎరువుల దుకాణంలో డబ్బు కట్టబోతే చెల్లింపు జరగలేదు. బ్యాంకుకు వెళ్లి అడిగితే, ఆ సొమ్ములో 6,000 రూపాయలు వేరే రాష్ట్రంలో జరిగిన ఒక సైబర్ మోసం తాలూకు ఖాతా నుండి చేతులు మారి వచ్చాయని, అక్కడి పోలీసులు కోరినందున నా ఖాతా మొత్తాన్ని ఫ్రీజ్ చేశామని చెప్పారు. పంట రుణంగా తీసుకున్న లక్షా పదివేలు కూడా అందులోనే ఉండిపోయాయి. కోత కూలీలకు సాయంత్రానికి డబ్బు ఇవ్వకపోతే మరునాడు తోటలోకి రారు కనుక, బయట వడ్డీకి తెచ్చి ఇచ్చాను.

ఆ వ్యాపారి నోట్లు ఇచ్చి ఉంటే, అవి అంతకు ముందు ఎవరి చేతుల్లో తిరిగాయని నన్ను అడిగేవారు ఎవరూ ఉండరు. రిజర్వు బ్యాంకు తెచ్చిన డిజిటల్ రూపాయి నోటుతో సమానమని చదివాను. అది నిజంగా నోటులాగే నా జేబులో ఉంటుందా, లేక ఖాతాలోని డబ్బులాగే ఇంకొకరి మాట మీద ఆగిపోతుందా? తెలిసినవారు చెప్పగలరు.

ఒంగోలు, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

అయ్యా, మీ ప్రశ్నకు మూలం డబ్బు ఎవరి బాకీ అన్నదానిలో ఉంది. 2016లో మొదలైన యూపీఐ డబ్బు కాదు; ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు సొమ్ము మార్చమని బ్యాంకుకు మనం ఇచ్చే ఆదేశం మాత్రమే. ఖాతాలో కనిపించే మొత్తం బ్యాంకు మీకు ఉన్న బాకీ. డిజిటల్ రూపాయి అలా కాదు, నోటులాగే అది రిజర్వు బ్యాంకు నేరుగా పడే బాధ్యత. 2022 డిసెంబరు 1న సామాన్యుల వాడకానికి ప్రయోగాత్మకంగా దానిని మొదట ముంబై, న్యూఢిల్లీ, బెంగళూరు, భువనేశ్వర్ నగరాల్లో నాలుగు బ్యాంకుల ద్వారా ప్రవేశపెట్టారు. నోట్లు, నాణేల విలువల్లోనే వస్తుంది, దానిపై వడ్డీ ఉండదు, దుకాణంలోని యూపీఐ క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి కూడా చెల్లించవచ్చు.

అయితే ఆ రూపాయి ఉండే వాలెట్‌ను, అంటే ఫోనులోని పర్సు లాంటి యాప్‌ను, మీకు ఇచ్చేది బ్యాంకే, అది ముడిపడి ఉండేది మీ ఫోను నంబరుతోనే. 2022 అక్టోబరులో రిజర్వు బ్యాంకు విడుదల చేసిన భావన పత్రం, చిన్న మొత్తాల విషయంలో నగదుకు ఉండే గోప్యతను పోలిన గోప్యత కల్పించడం మంచిదని చెబుతూనే, పెద్ద మొత్తాలు జాడ తెలిసేలా ఉండాలన్న వైపే మొగ్గింది. కాబట్టి మీ వ్యాపారి డిజిటల్ రూపాయిలో పంపినా జాడ మిగిలే ఉండేదని నా అభిప్రాయం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మరొకటి. 2024 ఫిబ్రవరి ద్రవ్య విధాన ప్రకటనలో, ఈ రూపాయిని ఫలానా పనికే ఖర్చయ్యేలా ముందుగానే కట్టుదిట్టం చేసే సౌకర్యాన్ని కూడా పరీక్షిస్తామని చెప్పారు. ఎరువుల రాయితీకి అది పనికి రావచ్చు, అందులో నాకు అభ్యంతరం లేదు. మీరు చెమటోడ్చి పండించిన కాయల డబ్బుకు మాత్రం అటువంటి షరతు ఏనాడూ తగలకూడదు. ముప్పై ఏళ్లు కౌంటరు వెనుక కూర్చున్నవాడిగా, ఈ గీతను చట్టంలోనే స్పష్టంగా గీయాలని కోరుకుంటున్నాను.

కావలి, న్యాయవాది

డిజిటల్ రూపాయి సంగతి తరువాత చూడవచ్చు, ముందు రైతుగారి ఖాతా తెరిపించాలి. నేర పరిశోధనలో అనుమానం ఉన్న ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు గతంలో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 102వ సెక్షన్ కింద ఉండేది. 2024 జులై 1 నుండి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 106వ సెక్షన్. బ్యాంకు ఖాతా కూడా ఆ సెక్షన్ పరిధిలోని ఆస్తేనని సుప్రీంకోర్టు 1999లోనే తేల్చింది. అంటే అధికారం లేదని మనం వాదించలేము. అయితే స్వాధీనం చేసుకున్న విషయాన్ని వెంటనే మేజిస్ట్రేటుకు తెలియజేయాలని అదే సెక్షన్ చెబుతోంది. ఇటువంటి కేసుల్లో ఖాతా మొత్తాన్ని కాకుండా, అనుమానం ఉన్న మొత్తాన్ని మాత్రమే నిలిపి ఉంచాలని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది. అది మన రాష్ట్రంలోని అధికారులు కట్టుబడి తీరవలసిన తీర్పు కాకపోయినా, విన్నపంలో చూపడానికి బలమైన ఆధారం.

మీరు చేయవలసినది ఇది. ఫిర్యాదు నంబరు, ఏ పోలీసు స్టేషను, ఎంత మొత్తంపై అభ్యంతరం అన్న వివరాలను బ్యాంకు నుండి రాతపూర్వకంగా తీసుకోండి. నిమ్మకాయల అమ్మకపు చీటీ, తూకం వివరాలు, ఆ వ్యాపారి ఇచ్చే ధ్రువీకరణ జతచేసి ఆ స్టేషనుకు ఈమెయిల్‌లోనూ రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. 6,000 రూపాయలను మాత్రమే ఆపి మిగిలినది వదలమని స్పష్టంగా కోరండి. స్పందన రాకపోతే సంబంధిత మేజిస్ట్రేటు వద్ద అదే సంహిత 503వ సెక్షన్ కింద దరఖాస్తు చేయవచ్చు, లేదా హైకోర్టుకు వెళ్లవచ్చు. చట్టం అనుమతిస్తే తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదని రాజ్యాంగంలోని 300ఏ అధికరణం చెబుతోంది. మోసపోయినవారి డబ్బును సైబర్ మోసాల ఫిర్యాదుకు ఉన్న 1930 ఫోను నంబరు ద్వారా త్వరగా ఆపగలగడం ఎంతో అవసరమైన ఏర్పాటు, దానిని నేను సమర్థిస్తాను. కానీ నిర్దోషి ఎదురుచూడవలసిన గడువు ఎంతో ఆ 106వ సెక్షన్‌లో రాసి లేకపోవడమే నన్ను బాధిస్తోంది.

నెల్లూరు, కళాశాల విద్యార్థి

ఎవరూ ఆపలేనిది కావాలంటే బిట్‌కాయిన్ ఉంది కదా? అది ఏ బ్యాంకు చేతిలోనూ లేదు.

ఒంగోలు, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

బాబూ, అది మన దేశంలో చట్టబద్ధమైన చెలామణీ కాదు. దాని లాభంపై 30 శాతం పన్ను ఉంది, విలువ వారంలోనే ఎంతైనా మారవచ్చు. కోత కూలీలకు సాయంత్రం ఇవ్వడానికి అది పనికి రాదు.

టంగుటూరు, పొగాకు రైతు కుటుంబం

అన్నలారా, నేను కొంచెం వేరుగా ఆలోచిస్తున్నాను. మేము వేలం కేంద్రంలో అమ్మిన బేళ్ల డబ్బు నేరుగా ఖాతాలోకి వస్తుంది. మా తాతగారి కాలంలో బేరం ఒక ధరకు కుదిరి, చేతికి వచ్చేది మరొక మొత్తంగా ఉండేదని ఇంట్లో చెప్పుకునేవారు. ఇప్పుడు ప్రతి బేలుకూ లెక్క కనిపిస్తోంది, ఆ భరోసాను నేను వదులుకోను. నోటు కూడా పూర్తిగా మన చేతిలోది కాదు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించినప్పుడు, మా అమ్మ బియ్యం డబ్బాలో దాచిన 14,000 రూపాయల కోసం మేము మూడు రోజులు వరుసలో నిలబడ్డాము.

అందుకే నా దృష్టిలో హక్కు అంటే ఏదో ఒక రూపం మీద పట్టు పట్టడం కాదు, రెండూ మన ముందు ఉండడం. మా నాన్నగారు మామూలు కీప్యాడ్ ఫోను వాడతారు. దానిలోనూ చెల్లించేలా 2022 మార్చిలో యూపీఐ 123పే తెచ్చారు, నేను నేర్పించాను, అయినా ఆయన నగదే కోరుకుంటారు. ఆస్పత్రిలోనో బస్సులోనో ఆయన చేతిలోని నోటును కాదనకూడదు, ఫోను లేదని ఆయనను పక్కన నిలబెట్టకూడదు. డిజిటల్ రూపాయి వస్తే రానివ్వండి, నోటు స్థానాన్ని తీసుకోవడానికి మాత్రం కాదు.

పొదలకూరు రైతు

అందరికీ కృతజ్ఞతలు. లాయరుగారు చెప్పినట్లు ఈ ఉదయం బ్యాంకుకు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకున్నాను. ఫిర్యాదు నంబరును రెండు రోజుల్లో ఇస్తామన్నారు. వ్యాపారి కూడా ధ్రువీకరణ రాసి ఇస్తానన్నారు, ఆయన ఖాతా కూడా ఆగిపోయిందట. ఇద్దరమూ కలిసి ఒకే విన్నపం పంపవచ్చా, లేక విడివిడిగా పంపాలా అన్నది లాయరుగారు చెప్పగలరు. వచ్చే కోతకు మాత్రం సగం నగదు, సగం ఫోను ద్వారా ఇమ్మని వ్యాపారిని అడిగాను, ఆయన ఒప్పుకున్నారు.