సమస్య: దీపము వెలిఁగెన్ గృహమున దీపము లేదే

నిర్వాహకుడు, నెల్లూరు (2022 జులై 3)

ఈ వారం సమస్య, అంటే మీరు నాలుగో పాదంగా ఉంచి పద్యం పూరించవలసిన వాక్యం, కందపద్య పాదం. ప్రాసాక్షరం (ప్రతి పాదంలో రెండో అక్షరం) ‘ప’, దాని ముందు గురువు, అంటే ‘దీ’ లాంటి బరువైన అక్షరం. నేపథ్యం కూడా చెబుతాను. జూన్ 21న ఎన్డీఏ ద్రౌపది ముర్ము గారిని రాష్ట్రపతి అభ్యర్థిగా ప్రకటించింది. ప్రతిపక్షాల అభ్యర్థి యశ్వంత్ సిన్హా గారు. ముర్ము గారి సొంతూరు ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లా ఉపర్‌బేడా. ఆ ఊరి వాడల్లో ఒకదానికి ఇన్నాళ్లూ కరెంటు లేదనీ, పేరు ప్రకటించాక స్తంభాలు వేస్తున్నారనీ పత్రికల్లో చదివాను. సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. ఆ తికమకే ఈ పాదం. 18న జరిగే పోలింగులో మనకు ఓటు లేదు, పద్యం ఉంది. రాయండి.

ఒంగోలు సభ్యుడు

ద్రౌపది పేరును జెప్పఁగఁ
జూపునకందని కరెంటు చుట్టము వచ్చెన్
బాపురె! పుట్టిన యూరను
దీపము వెలిఁగెన్ గృహమున దీపము లేదే

కందుకూరు మాస్టారు

నాయనా, ‘కరెంటు చుట్టము’ చాలా బాగుంది. ‘విద్యుత్తు’ అని ఉంటే గణం చెడేది. ‘కరెంటు’ జగణం (లఘువు, గురువు, లఘువు), ఆరో గణంలో చక్కగా కూర్చుంది. కాని నాలుగో పాదంలో అన్వయం తెగింది. ఊళ్లో దీపం వెలిగింది, సరే. దీపం లేని గృహం ఎవరిది? ఆమెదా, మీదా? పద్యంలో ‘మా’ అన్న మాటే లేదు. పాఠకుడు దాన్ని బయటినుంచి తెచ్చుకోవలసి వస్తోంది.

ఒంగోలు సభ్యుడు

నిజమే మాస్టారూ. మూడో పాదం మారుస్తున్నాను:

బాపురె! యామెకు, మాకో
దీపము వెలిఁగెన్ గృహమున దీపము లేదే

కందుకూరు మాస్టారు

క్రమాలంకారంతో దారికి వచ్చింది. ఆమెకు వెలిగింది, మాకో లేదు. ఇప్పుడు బాధ ఎవరిదో తెలుస్తోంది.

ముత్తుకూరు సభ్యురాలు

చేపల గుంటను గాచెడు
కాపరి యానాది బతుకు కష్టముఁ జూడన్
మాపటికి మోటరు కడను
దీపము వెలిఁగెన్ గృహమున దీపము లేదే

మా వైపువి రొయ్యల గుంటలు. ప్రాస కోసం ‘చేపల’ అన్నాను. రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతాయి, గట్టు మీద లైటు వెలుగుతూనే ఉంటుంది. రొయ్యకు గాలి అందకపోతే పంట పోతుంది కదా! కాపలా ఉండే యానాది గిరిజన కుటుంబం మాత్రం ఆ గట్టు కిందనే గుడిసెలో చీకట్లో పడుకుంటుంది. ఈ దృశ్యం చూసీ చూసీ నాకు కడుపు మండుతోంది. గిరిజన మహిళ రాష్ట్రపతి అవుతారంటే మొదట నాకు గుర్తొచ్చింది ఆ గుడిసే.

కందుకూరు మాస్టారు

అమ్మా, పశువులకైతే కాపరి, గుంటకైతే కావలి. కాని ‘కావలి’ వేస్తే ప్రాస పోతుంది కనుక ఉండనివ్వండి. సమస్యలోని రెండు దీపాలను ఒకే గట్టు మీద చూపించారు, వీధి దాటనక్కరలేదు. ఈ వారానికి నా మనసుకు ఎక్కిన పూరణ ఇదే.

నా సందేహమూ చెబుతాను. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడవాలి. ఒకసారి పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు, అదే సలహా మళ్లీ వస్తే ఒప్పుకోవాలి. మన 175 మంది ఎమ్మెల్యేల ఓటు విలువ తలా 159, అదీ 1971 జనాభా లెక్కల ప్రకారం. ఎంపీ ఓటు విలువ 700. ఇంత లెక్క కట్టి గెలిపించే పదవి గుడిసెలో దీపం పెట్టగలదా? పార్టీ అభ్యర్థి అన్నంత మాత్రాన గెలుపు కూడా రాసిపెట్టి ఉండదు. 1969లో కాంగ్రెస్ నిలబెట్టిన మన నీలం సంజీవరెడ్డి గారు వి.వి. గిరి గారి చేతిలో ఓడారు. ఎనిమిదేళ్లకు, 1977లో, పోటీ లేకుండా గెలిచారు.

కోవూరు సభ్యుడు

మాస్టారూ, ఒక్క మాట. 2017లో ముర్ము గారు జార్ఖండ్ గవర్నరుగా ఉన్నప్పుడు, గిరిజనుల భూములకు రక్షణగా ఉన్న ఛోటానాగపూర్, సంతాల్ పరగణా కౌలు చట్టాలను సవరించే బిల్లులను తిప్పి పంపారు. గవర్నరు కూడా సలహా మేరకే నడవాలి కదా. అయినా ఆ పని జరిగింది. నేను యానాది ఇంట్లో పుట్టి బడిపంతులునయ్యాను. అందుకే నా ఆశను అంత తేలిగ్గా వదులుకోలేను.

మా పాప చదువుకొనుచును
ద్రౌపది చిత్రముఁ గని యొక దరహాసముతోఁ
జూపును బాఠమున నిలుప
దీపము వెలిఁగెన్ గృహమున దీపము లేదే

కందుకూరు మాస్టారు

‘ద్రౌ’కు ‘దరహాసము’లోని ‘ద’తో యతి (పాదం మొదటి అక్షరానికి కుదరవలసిన అక్షరం) సరిపోయింది. ‘లేదే’ను ఇక్కడ ‘లేకపోలేదు’ అన్న అర్థంలోకి తిప్పారు, ఇంతవరకు ఎవరికీ తట్టలేదు. అయితే చివర ప్రశ్నార్థకం పెట్టండి. లేకుంటే పై పూరణల్లోలాగే ‘దీపం లేదు’ అని చదువుతారు.

కోవూరు సభ్యుడు

పెట్టను మాస్టారూ, మన్నించండి. పాప చదువుకునే ఆ మూల బల్బు పోయి నాలుగు రోజులైంది. వీధి లైటు వెలుగు కిటికీలోంచి పడుతుంటే పుస్తకాన్ని అటు జరుపుకొని చదువుతోంది. రెండు విధాలా చదవనివ్వండి.

నిర్వాహకుడు

గుర్తు లేకుండానే ఉంచుతున్నాను. పూరణలకు గడువు 18 సాయంత్రం దాకా పొడిగించాను.